గొంతు తీసి ఊపిరి నిలిపిన శస్త్రవైద్యుడు – థియోడోర్ బిల్‌రోత్

మన చిలకలగూడ నుండి ముషీరాబాదు గాంధీ ఆసుపత్రికి పోయే త్రోవలో అప్పుడప్పుడు ఒక దృశ్యం కంటబడుతూ ఉంటుంది. మెడకు పలుచని నూలు రుమాలు కట్టుకొన్న మనిషి చాయ్ హోటలు ముందు నిలబడి రెండు వ్రేళ్ళు చూపిస్తాడు. హోటలువాడు మాట అడగకుండానే రెండు కప్పులు పోసి ఇస్తాడు. రుమాలు గాలికి తొలగినప్పుడు కంఠమూలంలో, రెండు జత్రువుల నడుమ, రూపాయి బిళ్ళంత రంధ్రం కనిపిస్తుంది. కొత్తవారు చూచి ఉలిక్కిపడతారు. ఆ మనిషి శ్వాసించేది ముక్కుతో కాదు, నోటితో కాదు, ఆ రంధ్రంతోనే. గొంతులో పుట్టిన రాచపుండు కారణంగా వైద్యులు ఆయన స్వరపేటికను సమూలంగా తీసివేసినారు. మాట పోయినది, ప్రాణం మిగిలినది.

ఇటువంటి చికిత్సను లోకంలో మొట్టమొదట సాహసించి, రోగిని బ్రతికించిన వైద్యుడు థియోడోర్ బిల్‌రోత్. ఆయన పేరు వైద్యవిద్యార్థులకు ఎక్కువగా ఉదరశస్త్రచికిత్స మూలంగా పరిచితం. మన కళాశాల విద్యార్థులలో వైద్యవృత్తికి పోగోరువారు కొందరు, పోనివారు అనేకులు. ఇద్దరికీ ఆయన జీవితంలో తెలుసుకోదగినది ఉన్నది. మెచ్చుకోదగినది మాత్రమే కాదు, నొచ్చుకోదగినది కూడా ఉన్నది. దానిని దాచి వ్రాయడం ఉచితం కాదు.

స్వరపేటిక ఉన్న స్థలం ఎటువంటిదో ముందు తెలిసికొనవలెను. నోటి నుండి దిగే అన్నపానాలకు, ముక్కు నుండి దిగే గాలికి గొంతులో కొంతదూరం దారి ఒక్కటే. తరువాత అది రెండుగా చీలుతుంది. వెనుకది అన్నవాహిక, ముందుది శ్వాసనాళం. ఆ చీలికవద్ద, చౌరస్తాలో నిలిచిన పోలీసు జవానువలె, స్వరపేటిక నిలిచి ఉంటుంది. మ్రింగే క్షణంలో పైకి లేచి, మూత వేసికొని, మెతుకును గాలిదారిలోకి పోనీయదు. మాట పలకడం దానికి రెండవ పని మాత్రమే. పహరా కాయడం మొదటి పని. దీనిని తీసివేస్తే మూగతనం వస్తుందని అందరికీ తోస్తుంది. దానికంటె పెద్ద ఆపద మరొకటి ఉన్నదని, లాలాజలమూ ఆహారమూ ఊపిరితిత్తులలోకి జారి మనిషిని చంపుతాయని, అనుభవం మీదనే తెలిసివచ్చినది.

గొంతును కోసి ప్రాణం కాపాడవచ్చుననే ఆలోచన ఐరోపాలో పుట్టినది కాదు. సుమారు 936లో కార్డోవా సమీపంలోని అల్ జహ్రా నగరంలో జన్మించిన అబుల్ ఖాసిం అల్ జహ్రావీ తన ముప్పది భాగాల వైద్య మహాగ్రంథం ‘తస్రీఫ్’లో చివరి భాగాన్ని శస్త్రచికిత్సకే కేటాయించినాడు. ఒక బానిస బాలిక కత్తితో తన గొంతు తానే కోసికొన్నదట. గాయం నుండి గాలి శబ్దం చేస్తూ వస్తూ ఉండగా ఆయన వెళ్ళి కుట్లు వేసినాడు. బాలిక బ్రతికినది, కంఠస్వరంలో కొంచెం బొంగురుతనం మిగిలినది. శ్వాసనాళానికి తగిలిన గాయం మానుతుందని, కనుక అవసరమైతే దానిని కోయడానికి భయపడనక్కరలేదని ఆయన దీనినుండి గ్రహించినాడు. పన్నెండవ శతాబ్దంలో సెవిల్ నగరపు ఇబ్న్ జుహ్ర్ ఇదే విషయాన్ని మేకపై ప్రయోగించి పరీక్షించినాడు. బిల్‌రోత్ కత్తి పట్టేనాటికి ఈ తలంపునకు ఎనిమిది వందల ఏండ్లకు పైబడిన వయస్సున్నది. కాని వీరందరూ గొంతులో గాయాన్ని మూసినవారు, లేదా గాలికి దారి తెరిచినవారు. స్వరపేటికను పూర్తిగా తీసి మనిషిని నిలబెట్టడం వేరు సంగతి.

బిల్‌రోత్ 1829 ఏప్రిల్ 26న బాల్టిక్ సముద్రంలోని ర్యూగెన్ ద్వీపంలో, బెర్గెన్ అనే చిన్న పట్టణంలో జన్మించినాడు. అది ఆనాడు ప్రష్యా రాజ్యంలోనిది. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. ఐదుగురు కొడుకులలో థియోడోర్ పెద్దవాడు. ఆయనకు ఐదేండ్ల వయస్సులో తండ్రి క్షయరోగంతో మరణించినాడు. తల్లి పిల్లలను వెంటబెట్టుకొని గ్రైఫ్స్‌వాల్డ్ పట్టణానికి చేరినది. అక్కడి పాఠశాలలో బాలుడు మందబుద్ధి అనిపించుకొన్నాడు. గణితం రాదు, భాషలు అంటవు, మాట తడబడుతుంది. ఇంటివద్ద వేరుగా చదువు చెప్పించవలసి వచ్చినది. పియానో ముందు కూర్చుంటే మాత్రం లేచేవాడు కాడు. సంగీతమే జీవనోపాధి కావలెనని ఆయన కోరిక. తల్లి మనసు వేరు. గ్రైఫ్స్‌వాల్డ్‌లోని శస్త్రవైద్యాచార్యుడు బౌమ్ కూడా వైద్యమే చదువుమని ప్రోత్సహించినాడు. 1848లో వైద్యవిద్యలో చేరినాడు కాని, మొదటి కొన్ని నెలలు సంగీతంలోనే గడిచినవి. మరుసటి సంవత్సరం బౌమ్ గ్యోటింగెన్ విశ్వవిద్యాలయానికి తరలిపోగా, శిష్యుడు వెంట వెళ్ళినాడు. అక్కడే సూక్ష్మదర్శిని ఆయన చేతికి వచ్చినది. చదువు మీద మనసు నిలిచినది.

1852లో బెర్లినులో డాక్టరు పట్టం పొందినాడు. మెడలో రెండు వైపులా దిగే వేగస్ నాడిని కోస్తే ఊపిరితిత్తులు ఎందుకు చెడిపోతాయన్నది ఆయన సిద్ధాంతవ్యాసంలోని విషయం. ఇరువది ఏండ్ల తరువాత తన రోగుల ప్రాణాలను పట్టి పీడించబోయే సమస్య కూడా మెడలో కోత, ఊపిరితిత్తులలో వాపు అనేదేనని అప్పుడాయన ఎరుగడు.

పట్టం పుచ్చుకొని బెర్లినులో వైద్యశాల తెరిచినాడు. రెండు నెలలు ఎదురుచూచినా ఒక్క రోగి గడప త్రొక్కలేదు. శస్త్రవైద్యంలో ఆనాడు జర్మనీకి పెద్దదిక్కయిన లాంగెన్‌బెక్ ఆచార్యుని వద్ద సహాయకుడుగా స్థానం దొరకడం అదృష్టం. 1853 నుండి ఏడేండ్లు అక్కడ పనిచేసి, 1860లో స్విట్జర్లాండులోని జ్యూరిక్ విశ్వవిద్యాలయానికి ఆచార్యుడుగా పోయినాడు. అప్పటికి వయస్సు ముప్పది ఒకటి.

జ్యూరిక్‌లో బిల్‌రోత్ చేసిన ఒక పని శస్త్రచికిత్సలన్నిటికంటె గొప్పదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆ రోజులలో శస్త్రవైద్యులు తమ విజయాలను మాత్రమే అచ్చు వేయించుకొనేవారు. చచ్చినవారు లెక్కకు రారు. ఇంటికి పోయినవారు నయమైనట్లే లెక్క. బిల్‌రోత్ 1860 నుండి 1867 వరకు తన చికిత్సాలయంలో చేరిన రోగుల వృత్తాంతమంతా, ఎవరు బ్రతికినారు, ఎవరు మరణించినారు, ఎందువల్ల, ఇంటికి పోయినవారు తరువాత ఎట్లున్నారు అనే వివరాలతో ప్రకటించినాడు. అందులో ఆయన పొరపాట్లు ఉన్నవి, తప్పు నిర్ణయాలు ఉన్నవి, చీముపట్టి చనిపోయినవారి సంఖ్యలు ఉన్నవి. తోటి వైద్యులలో పలువురికి ఇది మింగుడు పడలేదు. ఇట్లా బహిరంగపరిస్తే ప్రజలకు వైద్యులపై నమ్మకం పోతుందని వారి భయం. నిజానికి తరువాతి తరం శస్త్రవైద్యులు తమ పనిని తాము తూచుకోవడం ఆ పుస్తకంనుండే నేర్చుకొన్నారు. 1863లో వెలువడిన ఆయన శస్త్రరోగశాస్త్ర ఉపన్యాసాల గ్రంథం అనేక భాషలలోకి అనువదింపబడి ఐరోపా అంతటా పాఠ్యపుస్తకమైనది.

1867లో వియన్నా పిలుపు వచ్చినది. ఆస్ట్రియా రాజధానిలోని ఆ మహా చికిత్సాలయంలో ఆయన తన శేషజీవితమంతా గడిపినాడు. 1870లో ఫ్రాన్సు, ప్రష్యాల మధ్య యుద్ధం సంభవించినప్పుడు తనంతట తాను రణరంగపు ఆసుపత్రులకు పోయి క్షతగాత్రులకు సేవ చేసి తిరిగివచ్చినాడు.

వియన్నాకు గొంతువ్యాధుల విషయంలో ఒక ప్రత్యేకత ఉన్నది. బ్రతికి ఉన్న మనిషి స్వరపేటికను కంటితో చూడగలగడం 1854లో మాన్యుయెల్ గార్సియా అనే సంగీత ఉపాధ్యాయునితో మొదలైనది. ఆయన ఒక చిన్న అద్దాన్ని గొంతులో పెట్టి, రెండవ అద్దంతో సూర్యకాంతిని మళ్ళించి, తన స్వరతంత్రులు కదలడాన్ని తానే చూచుకొన్నాడు. ఈ పనిముట్టును వైద్యులలో వ్యాప్తికి తెచ్చినవారిలో టుర్క్ వియన్నావాడు. బొంగురుగొంతుతో వచ్చిన రోగికి లోపల ఏమున్నదో చూడడం సాధ్యమైన తరువాత, చూచిన దానిని తీయవచ్చునా అన్న ప్రశ్న రాక మానదు. బిల్‌రోత్ శిష్యుడు చెర్నీ 1870లో కుక్కలపై ప్రయోగాలు చేసి, స్వరపేటికను పూర్తిగా తీసినా జంతువు బ్రతకగలదని చూపినాడు.

1873వ సంవత్సరం వియన్నాకు కలిసిరాలేదు. మే నెలలో ప్రపంచ ప్రదర్శనశాల తెరిచిన కొద్దిరోజులకే అక్కడి షేర్ బజారు కూలిపోయినది. వేసవిలో కలరా వచ్చినది. ఆ సంవత్సరం చివరలో ముప్పదియారేండ్ల మనిషి ఒకడు బిల్‌రోత్ వద్దకు వచ్చినాడు. వృత్తిచేత మతబోధ చేసే ఉపాధ్యాయుడు, అనగా గొంతే అన్నం పెట్టే మనిషి. మూడేండ్లుగా బొంగురు. కంఠవైద్యులు లోపల మందులు అద్దినారు, ఫలితం లేకపోయినది. నవంబరులో బిల్‌రోత్ స్వరపేటికను ముందువైపు నిలువుగా తెరిచి, వ్రణాన్ని మాత్రం తొలగించి మూసినాడు. స్వరాన్ని నిలబెట్టవలెనన్నది ఆ ప్రయత్నం. కొన్ని వారాలకే వ్రణం తిరిగి తలయెత్తినది, ఊపిరి ఆడడం కష్టమైనది.

డిసెంబరు 31న బిల్‌రోత్ ఆ రోగి స్వరపేటికను మొత్తంగా తీసివేసినాడు. రోగి శ్వాస ముందే తెరిచిన శ్వాసనాళపు గొట్టం గుండా సాగినది. ఆనాటికి రక్తస్రావాన్ని అరికట్టే సాధనాలు తక్కువ, విద్యుద్దీపం లేదు, గాయానికి తాకే చేతులు సూక్ష్మజీవులను మోసుకొని వస్తాయన్న విశ్వాసం ఆయనకే ఇంకా పూర్తిగా కుదరలేదు. అయినా రోగి నిలిచినాడు. కొద్ది వారాలలో కోలుకొన్నాడు.

తరువాత సహాయకుడు గుస్సెన్‌బౌర్ ఆ రోగికి ఒక కృత్రిమ స్వరపేటికను తయారుచేసినాడు. ఒక గొట్టం క్రిందికి శ్వాసనాళంలోకి, ఇంకొకటి పైకి గొంతులోకి పోతుంది. నడుమ సన్నని లోహపు నాలుక. హార్మోనియంలో రీడు మ్రోగినట్లు ఊపిరి తగిలి అది మ్రోగుతుంది. మిగతా పని నాలుక, పెదవులు చేస్తాయి. ఎత్తుపల్లాలు లేని ఒకే శ్రుతిలోనైనా, ఆ ఉపాధ్యాయుడు తిరిగి మాట్లాడినాడు. 1874లో బెర్లినులో జరిగిన శస్త్రవైద్యుల మహాసభలో గుస్సెన్‌బౌర్ ఈ వృత్తాంతాన్ని నివేదించినాడు. సభ ఆశ్చర్యపోయినది. రోగి మాత్రం శస్త్రచికిత్స జరిగిన ఏడు నెలలకు, వ్రణం మళ్ళీ పుట్టి మరణించినాడు. ఆ సంగతి కూడా దాచబడలేదు.

ఇక అన్ని దేశాల శస్త్రవైద్యులు ఈ మార్గం పట్టినారు. అధికసంఖ్యాకులైన రోగులు కొద్ది వారాలలోనే మరణించినారు. కారణం మొదట చెప్పినదే. ఆనాటి పద్ధతిలో గొంతుకు, శ్వాసనాళానికి మధ్య దారి తెరిచే ఉండేది. పహరా జవాను పోయినాడు, చౌరస్తా మిగిలినది. గాయపు చీము, లాలాజలం, పాలు, జావ క్రిందికి జారి ఊపిరితిత్తులలో వాపు పుట్టేది. కృత్రిమ స్వరం కోసం ఉంచిన ఆ దారే మృత్యుద్వారమైనది. 1887లో జర్మనీ యువరాజు ఫ్రెడరిక్‌కు గొంతు రాచపుండు కలిగినప్పుడు జర్మను వైద్యులు శస్త్రచికిత్స చేయవలెనన్నారు, ఆంగ్ల వైద్యుడు మెకెంజీ అది రాచపుండని రుజువు కాలేదన్నాడు. చివరకు 1888 ఫిబ్రవరిలో ఊపిరి ఆడక గొంతుక్రింద గొట్టం మాత్రం పెట్టవలసి వచ్చినది. మార్చిలో సింహాసనమెక్కిన చక్రవర్తి మాట రాక, కాగితం మీద వ్రాసి చూపుతూ తొంబది తొమ్మిది రోజులు రాజ్యం చేసి జూన్ 15న మరణించినాడు.

ఈ చిక్కుముడిని విప్పినవారిలో ముఖ్యుడు బిల్‌రోత్ గురువైన లాంగెన్‌బెక్‌కే మరొక శిష్యుడు, థెమిస్టోక్లిస్ గ్లుక్. ఈయన 1853లో రొమేనియా దేశపు యాసి పట్టణంలో జన్మించినాడు. 1881లోనే జెల్లర్ అనే సహచరునితో కలిసి కుక్కలపై ప్రయోగించి, ఒక కొత్త మార్గం సూచించినాడు. శ్వాసనాళాన్ని అడ్డంగా పూర్తిగా తెగగోసి, దాని పైకొనను ముందుకు తెచ్చి మెడచర్మానికి గుండ్రంగా కుట్టివేయడమే ఆ మార్గం. అప్పుడు గొంతునుండి జారేది ఏదీ గాలిదారిలో పడదు. గాలికి ఒక త్రోవ, అన్నానికి ఒక త్రోవ, రెండూ ఇక కలియవు. మొదట ఆయన ఈ పనిని రెండు విడతలుగా చేసేవాడు. ముందు శ్వాసనాళం కుట్టి, అది మానిన కొన్ని వారాల తరువాత స్వరపేటిక తీసేవాడు. తరువాత సోరెన్‌సెన్‌తో కలిసి రెంటినీ ఒక్కసారిగా చేసే పద్ధతి నెలకొల్పినాడు. మరణాలు బాగా తగ్గినవి. గ్లుక్ జీవితంలో ఒక చేదు ఘట్టం కూడా ఉన్నది. 1890లో ఏనుగుదంతంతో కృత్రిమ కీళ్ళు చేసి అమర్చగా, లాంగెన్‌బెక్ పీఠంలో కూర్చున్న బెర్గ్‌మన్ ఆచార్యుడు ఆ పరిశోధనను సభకు రానీయకుండా అణచివేసినాడు. ఆ పీఠం 1882లో మొదట బిల్‌రోత్‌కే ఇవ్వజూపినారు. ఆయన వియన్నాను విడువనని నిరాకరించినందువల్లనే అది బెర్గ్‌మన్‌కు దక్కినది. బిల్‌రోత్ ఆ పీఠమెక్కి ఉంటే గ్లుక్ కథ వేరుగా ఉండేదేమో, ఎవరు చెప్పగలరు?

గ్లుక్ కుట్టు ప్రాణాన్ని కాపాడినది కాని మాటను మూసివేసినది. దారులు రెండూ వేరైన తరువాత గుస్సెన్‌బౌర్ రీడుకు స్థానం లేదు. అయితే ప్రకృతి ఒక ఉపాయం చూపినది. 1892లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో సోలిస్ కోహెన్ అనే వైద్యుడు ఇట్లే శ్వాసనాళాన్ని చర్మానికి కుట్టిన రోగి, గాలిని అన్నవాహికలోకి మ్రింగి త్రేనుపువలె వెలికితెస్తూ మాట్లాడ నేర్చినాడు. నేటికీ పలువురు రోగులు అట్లే మాట్లాడుతారు.

ఇక ఆ రంధ్రం సంగతి. గుండ్రంగా కుట్టిన చోట గుండ్రంగానే మచ్చ కడుతుంది. మచ్చకు కుంచించుకొనే స్వభావం ఉన్నది. పాయజామా నాడా లాగితే నేఫా మూసుకొన్నట్లు, నెలలు గడిచేకొలది రంధ్రం చిన్నదవుతుంది. కుట్టువద్ద చీము పట్టినా, శ్వాసనాళపు మృదులాస్థి బయటపడి పుండయినా, రాచపుండుకు ఇచ్చిన కిరణచికిత్స చర్మాన్ని గట్టిపరచినా ఈ సంకోచం అధికమవుతుంది. కఫం అడ్డుపడి రోగి ఉక్కిరిబిక్కిరి అవుతాడు. ఎల్లకాలం గొట్టం పెట్టుకొని తిరగవలసివస్తుంది. గొట్టం ఒరిసి మళ్ళీ పుండు, పుండు మాని మళ్ళీ మచ్చ.

దీనికి తరువాతి శస్త్రవైద్యులు కనుగొన్న ఉపాయాలు వినడానికి దర్జీపనివలె ఉంటాయి. శ్వాసనాళాన్ని అడ్డంగా కాక ఏటవాలుగా కోస్తే చుట్టుకొలత పెరుగుతుంది. వెదురును వాలుగా నరికితే మూతి పెద్దదయినట్లే. మృదులాస్థి అంచు కనబడకుండా చర్మాన్ని దానిమీదికి మడిచి కుడితే పుండు పడదు. ఇంతకుముందే బిగిసిపోయిన రంధ్రమైతే, చుట్టూ ఉన్న మచ్చను కోసివేసి, శ్వాసనాళపు గోడను అక్కడక్కడ చీల్చి, ఆ చీలికలలోకి ముక్కోణపు చర్మపు పట్టీలను దింపి కుడతారు. అప్పుడు మచ్చ పూర్ణవలయం కాదు, వంకరటింకర గీత అవుతుంది. వలయం తెగిన నాడా ఇక దేనిని బిగించగలదు? రంధ్రం మరీ లోతుగా, గుంటలో ఉన్నవారికి మెడకు రెండు వైపులా దిగే కండరాల లోపలి కొనలను కోసి ఆ స్థలాన్ని చదును చేస్తారు.

ఆ చదునుతనం ఎందుకనగా, మాట మళ్ళీ రంగంలోకి వచ్చినది. 1980 ప్రాంతంలో అమెరికాలో సింగర్, బ్లోమ్ అనే ఇద్దరు, శ్వాసనాళానికి అన్నవాహికకు నడుమ గోడలో చిన్న బెజ్జం చేసి, ఒకేవైపు తెరుచుకొనే సిలికాను కవాటాన్ని అమర్చే పద్ధతి కనిపెట్టినారు. గాలి పైకి పోతుంది, మెతుకు క్రిందికి రాదు. రోగి మెడరంధ్రాన్ని బొటనవ్రేలితో మూసి మాట్లాడుతాడు. రంధ్రం మరీ పెద్దదైతే వ్రేలితో మూతపడదు, మరీ చిన్నదైతే ఊపిరి ఆడదు. శస్త్రవైద్యుని ఒక కుట్టు తేడాలో రోగి సంభాషణంతా ఇమిడి ఉన్నది. ఇటీవల బెంగళూరులో ఇటువంటి కవాటాన్ని అతి చవుకగా కూడా తయారుచేసినారు. బీడీ, జర్దా, గుట్కాల పుణ్యమా అని ఈ రోగం మన బీదవారిలోనే ఎక్కువ కనుక, ధర సంగతి చిన్నది కాదు. మొదట చెప్పిన మెడరుమాలు కూడా అలంకారం కాదు. గాలిని వెచ్చబరచి, తడిపి, దుమ్ము వడగట్టే ముక్కు పని దానికి అప్పగింపబడినది.

మళ్ళీ బిల్‌రోత్ వద్దకు పోదాము. 1881 జనవరి 29న ఆయన థెరీసా హెల్లర్ అనే స్త్రీ జీర్ణకోశం నుండి రాచపుండు సోకిన భాగాన్ని తీసివేసి, మిగిలిన భాగాన్ని ప్రేగుకు కుట్టినాడు. అంతకుముందు ఫ్రాన్సులో, పోలండులో ఇద్దరు ప్రయత్నించి రోగులను పోగొట్టుకొన్నారు. ఈమె కోలుకొని దాదాపు నాలుగు నెలలు జీవించినది. ఆయన కీర్తి దిగంతాలకు ప్రాకినది ఈ చికిత్సతోనే. నేటికీ ఉదరశస్త్రచికిత్సలో రెండు పద్ధతులు ఆయన పేరుతోనే పిలువబడుతున్నవి. మత్తుకు ఆయన క్లోరోఫాం, ఈథరు, ఆల్కహాలు కలిపిన మిశ్రమం వాడేవాడు. క్లోరోఫాం హృదయాన్ని ఆపుతుందా, శ్వాసను ఆపుతుందా అన్న వివాదం ఆ కాలంలో లోకమంతటా నడిచినది. దానిని తేల్చడానికి 1888, 1889 సంవత్సరాలలో రెండు పరిశోధక సంఘాలు మన హైదరాబాదులోనే, నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ద్రవ్యసహాయంతో, డాక్టరు ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో పనిచేసినవి. రూపాబాయి ఫర్దూన్జీ అనే హైదరాబాదు పార్సీ మహిళ క్లోరోఫాం ఇవ్వడంలో నిపుణురాలై పేరు పొందినది ఆ రోజులలోనే.

ఇప్పుడు నొచ్చుకోదగిన సంగతి చెప్పవలెను. 1876లో బిల్‌రోత్ జర్మను విశ్వవిద్యాలయాలలో వైద్యవిద్య గురించి ఒక పెద్ద గ్రంథం ప్రకటించినాడు. అందులో చాలా భాగం వివేకవంతమైనదే. కాని హంగేరీ, గలీషియా ప్రాంతాలనుండి వియన్నాకు వచ్చే బీద యూదు విద్యార్థులను గూర్చి వ్రాస్తూ, వారు వైద్యవృత్తికి తగరని, వారి సంఖ్య తగ్గాలని, వారు నిజమైన జర్మనులు కాజాలరని అర్థం వచ్చే మాటలు వ్రాసినాడు. పుస్తకం వెలువడగానే విశ్వవిద్యాలయంలో అలజడి చెలరేగినది. జర్మను జాతీయవాద విద్యార్థులు ఆయనకు జేజేలు కొట్టి యూదు విద్యార్థులపై పడినారు. చిరిగిన కోటుతో, అర్ధాకలితో, ఇంట్లో మాట్లాడే భాష వేరు, తరగతిలో వినే భాష వేరు అయిన కుర్రవాడు మహాచార్యుని గ్రంథంలో తన గురించి అట్లా చదివినప్పుడు అతని మనసు ఎట్లుండునో, ఈ కళాశాల విద్యార్థులకు వేరుగా వివరించనక్కరలేదు. తన శస్త్రచికిత్సల లెక్కలలో అంత నిక్కచ్చిగా ఉన్న మనిషి, ఒక జాతి విషయంలో ఏ లెక్కా చూడకుండా తీర్పు చెప్పినాడు. బడిలో మందబుద్ధి అనిపించుకొన్నవాడే ఇతరులపై ఆ ముద్ర వేయడం మరింత విచారకరం.

బిల్‌రోత్ అక్కడితో నిలిచిపోలేదు. కాలం గడిచేకొలది తన మాటలు ఎటువంటి చేతులలో ఆయుధాలయినవో చూచినాడు. 1891లో వియన్నాలో యూదుద్వేషాన్ని ఎదుర్కొనడానికి బారన్ జుట్నర్ ప్రభృతులు ఒక సంఘం స్థాపించినప్పుడు, ఆయన బహిరంగంగా అందులో చేరినాడు. కాని అచ్చయిన పుటను ఎవరు వెనుకకు తీసికొనగలరు? ఆ పుటలను ఆ తరువాతి తరం ద్వేషులు వాడుకొన్నారు. సంఘంలో చేరిన సంగతి వారు చెప్పలేదు.

ఇదే మనిషి దాదుల శిక్షణకు పడిన పాటు మరొక ముఖం. శస్త్రచికిత్స ఎంత బాగా చేసినా రాత్రివేళ గొట్టంలో కఫం తీసే చేయి లేకపోతే రోగి తెల్లవారేసరికి ఉండడని ఆయన అనుభవం. గొంతు తీసిన రోగి విషయంలో అది అక్షరాలా నిజం, అతడు కేక వేసి ఎవరినీ పిలువలేడు. 1881లో ఇంటిలోను, ఆసుపత్రిలోను రోగికి ఉపచారం చేసే విధానం గురించి పుస్తకం వ్రాసినాడు. 1882లో దాదులకు శిక్షణనిచ్చే రుడాల్ఫినర్‌హౌస్ అనే ఆసుపత్రి వియన్నాలో ఆయన పూనికతో ప్రారంభమైనది. అది నేటికీ ఉన్నది.

బాల్యంలో విడిచిన సంగీతం కూడా ఆయనను విడువలేదు. జ్యూరిక్‌లో ఉండగా పత్రికలకు సంగీతవిమర్శలు వ్రాసినాడు, వయోలా వాయించ నేర్చినాడు. ప్రఖ్యాత స్వరకర్త బ్రామ్స్‌తో స్నేహం అక్కడే మొదలై వియన్నాలో గాఢమైనది. బ్రామ్స్ కొత్త రచనలు అనేకం బహిరంగసభకు పోకముందు బిల్‌రోత్ ఇంటిలో వాయింపబడేవి. గొంతు తీసిన ఆ 1873లోనే బ్రామ్స్ తన రెండు తంత్రీవాద్య రచనలను బిల్‌రోత్‌కు అంకితమిచ్చినాడు. చివరి సంవత్సరాలలో ఆ చెలిమి కొంత చల్లబడినది. బ్రామ్స్ స్వహస్తంతో వ్రాసి ఇచ్చిన ప్రతినుండి బిల్‌రోత్ ఒక ముక్క కత్తిరించి ఆయన చిత్రపటం క్రింద అంటించుకోవడం బ్రామ్స్‌కు నచ్చలేదంటారు. శస్త్రవైద్యుని చేతికి కత్తెర అలవాటు కదా.

1887లో బిల్‌రోత్‌కు ఊపిరితిత్తుల వాపు వచ్చినది. తన రోగులలో ఎందరినో బలిగొన్న వ్యాధి అది. కోలుకొన్నాడు కాని గుండె బలహీనపడినది. దేహం బరువెక్కినది, ఊపిరి ఆయాసమైనది. అయినా పాఠాలు మానలేదు. చెర్నీ, గుస్సెన్‌బౌర్, మికులిచ్, వ్యోల్‌ఫ్లర్ వంటి ఆయన శిష్యులు అప్పటికే ఐరోపాలోని అనేక విశ్వవిద్యాలయాలలో ఆచార్యపీఠాలు అధిష్ఠించి ఉన్నారు. చలికాలాలలో ఆయన ఏడ్రియాటిక్ సముద్రతీరంలోని అబ్బాజియాకు విశ్రాంతికి పోయేవాడు. నేటి క్రొయేషియాలో ఆ ఊరు ఒపాటియాగా పిలువబడుతున్నది. 1894 ఫిబ్రవరి 6న అక్కడనే కన్నుమూసినాడు. భౌతికకాయాన్ని వియన్నాకు తెచ్చి నగరపు పెద్ద శ్మశానవాటికలో ఖననం చేసినారు. వేలాది పౌరులతోబాటు బ్రామ్స్ కూడా కడసారి వీడ్కోలుకు వచ్చినాడు. మూడేండ్ల తరువాత ఆయనను కూడా ఆ శ్మశానవాటికలోనే ఖననం చేసినారు.